ఆపిన గోల్‌కి లెక్క లేదు

బంతి వెంట భారతం: 11వ భాగం

గత వారం కోచ్ రహీం సాబ్ భారత జట్టుతో 1962 ఆసియా క్రీడలకు జకార్తా బయల్దేరే దగ్గర ఆపాను. అక్కడికి వెళ్లేముందు ఒక మనిషిని పరిచయం చేయాలి. ఆయన సంగతి చెప్పకుండా జకార్తా కథ చెబితే అది సగం కథే అవుతుంది.

పేరు జర్నైల్ సింగ్ ధిల్లాన్. స్టాపర్ బ్యాక్. 1959 నుంచి 1968 దాకా మోహన్ బగాన్ గోల్ ముందు గోడలా నిలబడినవాడు. ఆయన ఆట కళ్లారా చూసి గుర్తుంచుకున్నవాళ్లు ఇవాళ చాలావరకు డెబ్బై దాటినవాళ్లే. ఫార్వర్డ్‌ల గురించి అడిగితే ఆ తరం అభిమాని సంవత్సరం చెబుతాడు, స్కోరు చెబుతాడు, గోల్ ఏ కాలితో కొట్టారో చెబుతాడు. జర్నైల్ గురించి అడిగినప్పుడు స్కోరు రాదు. ఎదుటి ఫార్వర్డ్ ఒంటరిగా దూసుకొస్తున్నాడు, గోల్ కీపర్ ఒక్కడే మిగిలాడు, గ్యాలరీ కళ్లు మూసుకుంది, అంతలో పక్కనుంచి ఒక కాలు నేలను రాసుకుంటూ వచ్చి బంతిని తన్నుకుపోయింది. ఏ మ్యాచ్? ఏ ఏడాది? అవి గుర్తుండవు. ఆ కాలు గుర్తుంటుంది.

డిఫెండర్ చరిత్ర రాయబోయే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కు ఇదే. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికలో వస్తుంది, పక్కన నిమిషం కూడా వేస్తారు. గోల్ ఆపినవాడికి ఆ పట్టికలో గడే లేదు. చెరువు కట్ట నిలిచినన్నాళ్లూ ఊళ్లో దాని మాట ఎవరూ ఎత్తరు. తెగిన రోజునే అందరికీ గుర్తొస్తుంది. పైగా జర్నైల్ ఆడిన రోజుల్లో ఎవరు ఎన్ని టాకిల్స్ చేశారో రాసిపెట్టే అలవాటు ఎక్కడా లేదు. కోల్‌కతాకు టెలివిజన్ వచ్చింది 1975లో. అప్పటికి ఆయన మోహన్ బగాన్ వదిలి ఏడేళ్లు. అంటే ఆ పదేళ్ల ఆటలో మనకు దక్కేది కొన్ని ఫొటోలు, పత్రికల్లో నాలుగు ముక్కలు, సహ ఆటగాళ్లు తరువాత చెప్పిన మాటలు, అన్నిటికంటే ఎక్కువగా అభిమానుల జ్ఞాపకం. ఈ భాగంలో నేను మొహమాటం లేకుండా ఆ జ్ఞాపకం మీదే ఆనుకుంటున్నాను. అది అక్కడక్కడ తడబడుతుంది. తడబడిన చోట చెబుతాను.

జర్నైల్ 1936 ఫిబ్రవరి 20న లైల్‌పూర్ ప్రాంతంలో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్. దేశ విభజన నాటికి పదకొండేళ్ల పిల్లవాడు. ఇల్లూ పొలమూ వదిలి ఇటు వచ్చిన లక్షల కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. హోషియార్‌పూర్ జిల్లాలో కుదురుకున్నారు. ఆ జిల్లాలో మాహిల్‌పూర్ అనే చిన్న ఊరుంది. పంజాబ్ అనగానే మనకు హాకీ గుర్తొస్తుంది గానీ, మాహిల్‌పూర్ మట్టి ఫుట్‌బాల్‌ది. అక్కడి ఖాల్సా కాలేజీలో ఆడి ఆటగాళ్లైనవాళ్లు తరతరాలుగా దేశమంతటా కనిపిస్తారు. జర్నైల్ కూడా ఆ మైదానంలోనే పెరిగాడు. 1958లో కోల్‌కతా వచ్చి రాజస్థాన్ క్లబ్‌లో చేరాడు. మరుసటి ఏడాది మోహన్ బగాన్ తీసుకుపోయింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మోహన్ బగాన్‌ని ఘోటీల క్లబ్ అంటారు. ఘోటీలంటే పశ్చిమ బెంగాల్‌లో తరాలుగా ఉన్నవాళ్లు. తూర్పు బెంగాల్ నుంచి అన్నీ పోగొట్టుకుని వచ్చిన కాందిశీకుల గుండె మాత్రం ఈస్ట్ బెంగాల్ క్లబ్‌తో కొట్టుకునేది. మోహన్ బగాన్ గెలిస్తే వాళ్ల ఇళ్లలో రొయ్యల కూర, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వీళ్ల ఇళ్లలో పులస చుట్టమైన ఇలిశ చేప. క్లబ్ అంటే అక్కడ కులగోత్రాలంత గట్టి సంగతి. అలాంటి చోట, దేశం ఆ కొసన ఇల్లు పోగొట్టుకుని వచ్చిన ఒక పంజాబీ కాందిశీకుడు, బెంగాలీ ముక్క రానివాడు, స్థానికుల క్లబ్‌కి కాపలాదారు అయ్యాడు. పుట్టుక ఎక్కడని ఆ గ్యాలరీ అడగలేదు. మైదానం మీద ప్రేమ ఎలా పనిచేస్తుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ గ్యాలరీని కూడా ఊహించుకోండి. లీగ్ జరిగేది వానాకాలంలో. పెద్ద మ్యాచ్ ఉంటే పొద్దుటినుంచే వరసలు. టికెట్ దొరకనివాళ్లు ఫోర్ట్ విలియం వైపు మిట్టలెక్కేవాళ్లు. ముందువాళ్ల తలలు అడ్డొస్తే చూడటానికి అట్టముక్కలతో, అద్దం ముక్కలతో చేసిన పెరిస్కోపులు మైదానం దగ్గర అమ్మేవాళ్లు. అంత పాటుపడి చూసేది గోల్ కోసమే అనుకుంటాం. కానీ ఆ క్లబ్ అభిమానులకు డిఫెండర్లను ప్రేమించడం ముందునుంచీ అలవాటు. వాళ్ల తొలి దేవుడు గోష్ఠ పాల్, బ్రిటిష్ జట్ల ఎదుట నిలిచిన బ్యాక్. ఆయన్ని చైనా గోడ అని పిలిచేవాళ్లు. కోల్‌కతా మైదాన్‌లో ఈనాటికీ ఆయన విగ్రహం ఉంది. ఆ తరువాత శైలేన్ మన్నా, 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టు కెప్టెన్. మన్నా ఆట చివరికొచ్చిన రోజుల్లోనే జర్నైల్ వచ్చాడు. కట్టబెట్టిన వారసత్వం కాదది, ఒకరి తరువాత ఒకరు సంపాదించుకున్నది.

అయితే జర్నైల్ తీరు పాతవాళ్ల తీరు కాదు. మన్నాది నిదానం, కొలిచి కొట్టే ఫ్రీ కిక్. జర్నైల్‌ది ఎదురెళ్లి ఢీకొనే ఆట. ఎత్తు, ఛాతీ, తొడల బలం ఉన్నవాడు. గాలిలో బంతి లేస్తే తలతో మొదట తాకేది ఆయనే. వానకు తడిసిన తోలు బంతి ఎంత బరువెక్కుతుందో పాతవాళ్లనడిగితే చెబుతారు. దాన్ని నుదుటితో ఎదుర్కోవడమంటే మాటలు కాదు. ఆయన గురించి చెప్పేటప్పుడు అందరూ ముందెత్తేది స్లైడింగ్ టాకిల్. బురదలో నాలుగైదు గజాలు జారుకుంటూ వచ్చి బంతిని లాగేసుకోవడం. ఇందులో ప్రమాదముంది. క్షణం అటూ ఇటూ అయితే బంతి బదులు కాలు తగులుతుంది, పెనాల్టీ పడుతుంది. మోటుగా ఆడతాడన్న మాట ఆయన మీద ఉండేది, నిజమే. కానీ మోటుతనం ఒక్కటే అయితే పదేళ్లు ఆ స్థానంలో నిలవలేడు. ఫార్వర్డ్ తరువాతి అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలిస్తేనే ఆ జారుడు కుదురుతుంది. దాన్ని ధైర్యమని పొగుడుతారు. లెక్క అని కూడా అనాలంటాను నేను.

స్టాపర్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు మాటలు. పాతకాలంలో జట్టుకు ఇద్దరే బ్యాక్‌లు, ఎదుట అయిదుగురు ఫార్వర్డ్‌లు. తరువాత మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి ఇద్దరు బ్యాక్‌ల నడుమ నిలబెట్టారు. ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ని అడ్డుకోవడం అతని పని, అందుకే స్టాపర్. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ నలుగురు బ్యాక్‌లతో ఆడి గెలిచాక మధ్యలో ఇద్దరు నిలబడటం మొదలైంది. మన దేశంలో ఆ మార్పును ముందుగా పట్టుకున్నవాడు మన హైదరాబాద్ పంతులు రహీం. ఆ ఇద్దరిలో ఒకరు జర్నైల్, రెండోవాడు అరుణ్ ఘోష్. ఒకరు ఎదురెళ్లి కొట్టేవాడు, ఇంకొకరు వెనక నిలిచి చదివేవాడు. జోడీ కుదిరింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు తొలి రౌండ్ దాటలేదు. హంగరీ చేతిలో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూ చేతిలో 1-3. అంకెలు చూస్తే ఓటమే. కానీ అప్పటికి ఎనిమిదేళ్ల కిందట హెల్సింకిలో యుగోస్లావియా మనకు పది గోల్స్ కొట్టింది. అక్కడి నుంచి ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న హంగరీకి రెండే గోల్స్ ఇచ్చే దాకా వచ్చామంటే మధ్యలో ఎవరో వెనక నిలబడటం నేర్చుకున్నారన్నమాట. ఆ హంగరీ మీద మన గోల్ కొట్టింది అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్. ఆయన కథ ఇంకో భాగంలో విడిగా రాస్తాను.

ఇప్పుడు జకార్తా.

1962 ఆగస్టు చివర. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. రెండోది థాయ్‌లాండ్ మీద 4-1 గెలుపు, కానీ ఆ గెలుపులో జర్నైల్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. ఎన్ని? ఆరంటారు కొందరు, పది అంటారు ఇంకొందరు. అభిమానుల జ్ఞాపకం తడబడే చోటు ఇదే. కుట్ల లెక్క పెరుగుతూ పోవడంలోనే వాళ్ల ప్రేమ ఎంతో తెలుస్తుంది, నేను సరిదిద్దబోను. తరువాతి మ్యాచ్‌లో జపాన్‌ని ఆయన లేకుండానే 2-0తో ఓడించాం. సెమీ ఫైనల్ దక్షిణ వియత్నాంతో.

అక్కడ రహీం సాబ్ తీసుకున్న నిర్ణయం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. గాయపడిన స్టాపర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు. వెనకా పెట్టలేదు. తలకు కట్టు కట్టి, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడనీ, ఆ సంగతి రహీంకి తెలిసే పంపాడనీ అంటారు. కారణం అదొక్కటే కాకపోవచ్చు. డిఫెండర్‌కి తలతో ఢీకొనక తప్పదు, ఎదుటివాడు ఎటు రమ్మంటే అటు వెళ్లాలి. ఫార్వర్డ్‌కి ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు ఎగరకూడదో తానే ఎంచుకోవచ్చు. అంత బలమైన ఒళ్లు గోల్ ముందు తిరుగుతుంటే ఎదుటి డిఫెండర్లకు కునుకుండదు. ఒక డిఫెండర్‌కి ఏది భయమో ఇంకో డిఫెండర్‌కే బాగా తెలుసు. సెమీ ఫైనల్ 3-2తో గెలిచాం. కెప్టెన్ చునీ గోస్వామి రెండు కొట్టాడు. మూడోది జర్నైల్‌ది.

సెప్టెంబర్ 4, ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది, ఒక్క గొంతుగా మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ బహిరంగంగా తప్పుపట్టాడు. దాంతో జకార్తా భగ్గుమంది. భారత రాయబార కార్యాలయం మీద గుంపు పడింది. మన ఆటగాళ్లు భయం భయంగా తిరిగారు. తలపాగా చూస్తే భారతీయుడని ఇట్టే గుర్తుపడతారు కాబట్టి జర్నైల్‌నీ, సహ ఆటగాడు త్రిలోక్ సింగ్‌నీ బస్సులో కింద కూర్చోబెట్టి తీసుకెళ్లారని జట్టువాళ్లు చెప్పుకునేవాళ్లు. పదకొండేళ్ల వయసులో తలపాగా వల్ల ప్రాణభయం ఎలా ఉంటుందో చూసివచ్చిన మనిషికి, ఇరవయ్యారో ఏట మళ్లీ అదే. బస్సు నేల మీద కూర్చున్న ఆ అరగంటలో ఆయనకేం గుర్తొచ్చి ఉంటుందో నేను ఊహించుకుంటూనే ఉంటాను.

అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ముందురోజు ఆయన ఆటగాళ్లను కూర్చోబెట్టి, నాకు మీ నుంచి ఒక్క కానుక కావాలి, రేపు స్వర్ణం గెలవండి అని అడిగారని ఆ జట్టువాళ్లు బతికున్నంత కాలం చెబుతూనే ఉన్నారు.

మైదానంలో దిగిన పదకొండు మందిలో మనవాళ్లను చూడండి. గోల్‌లో పీటర్ తంగరాజ్, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట నేర్చినవాడు. ముందు వరుసలో బలరామ్. నడుమ యూసుఫ్ ఖాన్, హైదరాబాద్ పోలీస్ జట్టు మనిషి. వీళ్లతోపాటు తలకు తెల్లటి కట్టుతో జర్నైల్. జాతీయ గీతం వినపడనంత గోల. గ్యాలరీలో ఒక మూల మాత్రం మనకు చప్పట్లు వినిపించాయి. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ జట్టు ఫుట్‌బాల్ చూడటానికి వచ్చి మనవైపు కేకలు వేసింది. ఇది కట్టుకథ కాదు, ఆడినవాళ్లు తరువాత ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పిన మాట. లైల్‌పూర్ నుంచి తరిమివేయబడ్డ కుటుంబంలోని కొడుకు ఆడుతుంటే, ఆ మట్టివాళ్లు ఆయన పక్షాన అరిచారు. ఆ లక్ష గొంతుల స్టేడియంలో ఆ కొన్ని గొంతులే నాకు పెద్దగా వినిపిస్తాయి.

పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో రెండోది జర్నైల్ సింగ్. కొరియా ఒకటి తిరిగి కొట్టింది గానీ అప్పటికి ఆట ముగింపుకొచ్చింది. 2-1. మన పురుషుల జట్టుకు ఆసియా క్రీడల్లో ఆ తరువాత ఇంకో స్వర్ణం రాలేదు.

ఇందులో నన్ను ఎప్పుడూ పట్టి కుదిపేసే సంగతి ఒకటుంది. దేశంలోని అతి గొప్ప డిఫెండర్ పేరు రికార్డు పుస్తకంలో శాశ్వతంగా నిలిచింది, కానీ గోల్ కొట్టినవాడిగా. జీవితమంతా చేసిన పనికి గడి లేదు. రెండు మ్యాచ్‌ల పాటు, తల పగిలింది కాబట్టి చేసిన పనికి గడి దొరికింది. కొత్తతరం వాళ్లు, ముఖ్యంగా 2024లో రహీం జీవితం మీద హిందీ సినిమా వచ్చాక పేరు విన్నవాళ్లు, జర్నైల్ అంటే ఫైనల్లో గోల్ కొట్టిన సర్దార్జీ అనుకుంటారు. కోల్‌కతా ముసలి అభిమాని దీనికి ఒప్పుకోడు. ఆ గోల్‌ని కాదనడు, కానీ కథ అక్కడ మొదలుపెట్టడు. బురదలో జారిన కాలు దగ్గరే మొదలుపెడతాడు. ఆ ముసలాయనే చరిత్రను సరిగ్గా రాస్తున్నాడని నా నమ్మకం.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 1964లో అర్జున పురస్కారం. అదే ఏడాది ఇజ్రాయెల్‌లో ఆసియా కప్‌లో రెండో స్థానం. చునీ తరువాత దేశానికి కెప్టెన్. ఆసియా ఆల్ స్టార్స్ జట్టుకు కెప్టెన్‌గా నిలిచిన గౌరవం కూడా ఆయనదే. ఆట మానాక పంజాబ్ వెళ్లి కోచ్‌గా, క్రీడా శాఖ అధికారిగా పనిచేశాడు. 2000 అక్టోబర్ 13న కెనడాలోని వాంకూవర్‌లో కన్నుమూశాడు. హోషియార్‌పూర్ జిల్లా గఢ్‌శంకర్‌లో ఆయన పేరిట ఫుట్‌బాల్ పోటీలు జరుపుతున్నారు. జకార్తాలో ఆయనతో నిలబడినవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తంగరాజ్ 2008లో, పీకే, చునీ 2020లో నెలన్నర తేడాలో, బలరామ్ 2023లో.

కానీ ఈ భాగాన్ని ఆ మరణాల దగ్గర ఆపాలని లేదు. వెనక్కి, 1963కి వెళదాం.

డ్యూరాండ్ కప్‌లో రెండేళ్ల కిందట, 1961 ఫైనల్లో, మోహన్ బగాన్‌ని ఆంధ్రా పోలీస్ 1-0తో ఓడించింది. ఆంధ్రా పోలీస్ అంటే పాత హైదరాబాద్ సిటీ పోలీసే, రాష్ట్రం మారాక పేరు మారింది. రహీం సాబ్ చేత్తో పెంచిన జట్టు. 1962లో చైనా యుద్ధం వచ్చి కప్ జరగలేదు. 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. జకార్తా గడిచి అప్పటికి తొమ్మిది నెలలు.

ఆ ఏడాది డ్యూరాండ్ ఫైనల్‌కి మళ్లీ ఆ రెండు జట్లే వచ్చాయి. ఒకవైపు పంతులు పెంచిన పోలీసులు. ఇంకోవైపు పంతులు తలకు కట్టుతో ముందుకు పంపిన స్టాపర్ ఉన్న క్లబ్, ఈసారి ఆ స్టాపర్ చోటు మళ్లీ గోల్ ముందే. బెంచీ మీద పంతులు లేడు. మొదటి రోజు ఎవరూ గోల్ కొట్టలేదు. మళ్లీ ఆడించారు. మోహన్ బగాన్ 2-0తో గెలిచింది. మర్నాటి పత్రికల్లో రెండు గోల్స్ కొట్టినవాళ్ల పేర్లు వచ్చే ఉంటాయి. రెండు మ్యాచ్‌లు కలిపినా ఆంధ్రా పోలీస్ పేరు ఎదుట ఉన్నది మాత్రం సున్నా.

(వచ్చే వారం: అమ్ముగూడ బలరామ్)